ఇంత మెల్లగా నిమిరితే చెయ్యి వాపు తగ్గుద్దా? నా అనుభవం

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని, మాది తెనాలి దగ్గర. క్లాసులో ఉన్నంతసేపూ నా కుడి చేతికి మణికట్టు నుంచి భుజం దాకా చర్మం రంగులో ఒక బిగుతు తొడుగు ఉంటుంది. ప్రతి జూన్‌లో కొత్తగా చేరిన ఆరో క్లాసు పిల్లలు ఎవరో ఒకరు అడుగుతారు, టీచర్ ఎండకని స్కూటీ మీద తొడుక్కున్నారు కదా, తియ్యడం మర్చిపోయారు అని. అవునురా మర్చిపోయా అనేస్తా. ఇప్పుడు ఇక్కడ అసలు సంగతి మొత్తం రాస్తున్నాను, ఎందుకంటే క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత నా చేతికి వాపు వచ్చింది, ఈమధ్య తెలిసినవాళ్ళలోనే ఇద్దరు ఇదే వాపుతో మాలిష్‌కి వెళ్దామనుకుంటున్నాం అన్నారు, నేను వెళ్ళి ఏమైందో వాళ్ళకి ఫోన్లో చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది.

2021 ఫిబ్రవరిలో నాకు కుడివైపు రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. చంకలోంచి 17 లింఫ్ గ్రంథులు తీశారు, తర్వాత కీమో, తర్వాత 25 సార్లు రేడియేషన్. ఆ కథ వేరే, అది ఇప్పుడు వద్దు. డిశ్చార్జ్ రోజు నర్సమ్మ ఒక కాగితం ఇచ్చి, ఆ చేతికి సూది గానీ బీపీ పట్టీ గానీ వెయ్యనివ్వకండి, బరువులు మొయ్యకండి, దోమ కుట్టినా గోరు దగ్గర తెగినా నిర్లక్ష్యం చెయ్యకండి అని గబగబా చదివేసింది, ఎందుకో మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు, ప్రాణం దక్కింది చాలు అనుకునే రోజులవి.

రెండేళ్ళు ఏం లేదు. 2023 సంక్రాంతికి అరిసెలు వండాం. రెండేళ్ళుగా పండగ లేదు కదా అని ఆ ఏడు పంతం పట్టి అయిదు కేజీల బియ్యం పోశాను, పొయ్యి పక్కనే కూర్చుని నూనెలోంచి తీసిన ప్రతి అరిసెనీ రెండు గరిటెల మధ్య పెట్టి నొక్కింది నేనే. ఆ రాత్రి చెయ్యి బరువుగా అనిపించింది, అలసట అనుకున్నా. కనుమ రోజు పొద్దున గాజులు తీద్దామంటే రాలేదు, సబ్బు నీళ్ళు పోసినా రాలేదు, చివరికి మా ఆయన కటింగ్ ప్లేయర్‌తో తెంపారు. ముంజేతి మీద బొటనవేలితో నొక్కి తీస్తే చలిమిడిలో వేలు గుచ్చినట్టు గుంట పడి అలాగే ఉండిపోయింది, అది మళ్ళీ నిండటానికి ఎంతసేపు పట్టిందో గోడ గడియారం చూస్తూ కూర్చున్నా. లెక్కల టీచర్ బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఇక సలహాలు మొదలయ్యాయి. స్టాఫ్ రూములో ఒకావిడ, బోదకాలు చేతికి కూడా వస్తదంట మేడమ్, రాత్రిపూట రక్తం తీసి చూస్తారు అడగండి అంది. మా అత్తగారు వాతం అన్నారు. మా తోడికోడలు, పక్క ఊళ్ళో నరాలు సరిచేసే ఆయన ఉన్నాడక్కా, బెణుకులకీ పట్టేసిన నడుములకీ ఎక్కడెక్కడినుంచో వస్తారు, మా నాన్నకి భుజం ఆయనే తగ్గించాడు అంది. అక్కడికే వెళ్ళాం. ఆయన్ని తిట్టడానికి రాయడం లేదు, బెణుకుకి ఆయన చెయ్యి మంచిదే అయ్యుండొచ్చు. నాది బెణుకు కాదు, అంతే. చెయ్యి పట్టుకు చూసి, నీరు పట్టిందమ్మా పిండెయ్యాలి అన్నాడు. వేడి నూనె రాసి, రెండు చేతుల్తో పట్టుకుని బట్టలు పిండినట్టు మోచేతి నుంచి పైకి తోశాడు, కళ్ళలో నీళ్ళొచ్చాయి, నొప్పెడితేనే పనిచేస్తున్నట్టు అన్నాడు. నేనూ నమ్మాను, మనకి మాలిష్ అంటే అదే కదా, నొప్పి లేకపోతే డబ్బులు దండగ అన్నట్టుంటుంది.

అలా మూడు రోజులు చేయించుకున్నా. నాలుగో రోజు రాత్రి వణుకు, జ్వరం 103, చెయ్యి ఎర్రగా కాలిపోతోంది, ముట్టుకోనివ్వట్లేదు. హాస్పిటల్లో చూసిన డాక్టర్ గారు సెల్యులైటిస్ అన్నారు, చర్మం కింద ఇన్ఫెక్షన్. అయిదు రోజులు సెలైన్లో యాంటీబయోటిక్స్. ఇంత గట్టిగా రుద్దినప్పుడు కంటికి కనపడని గీతలు పడినా చాలు, సూక్ష్మజీవి లోపలికి పోవటానికి, ఈ చేతిలో దాన్ని పట్టుకునే కాపలా గ్రంథులు తీసేశాం కదా అన్నారు ఆయన. అప్పుడు మొదటిసారి నాకు ఎందుకో చెప్పారు. నిజంగా, రెండేళ్ళ తర్వాత.

వాపు పేరు లింఫెడీమా. రక్తనాళాల్లోంచి కండల్లోకి ఊరే నీరంతా మళ్ళీ రక్తనాళాల్లోకే పోదు, కొంత నీరూ, అందులోని ప్రోటీనూ వెనక్కి పట్టుకెళ్ళేవి లింఫ్ నాళాలు, అవి చంకల్లో గజ్జల్లో మెడలో ఉండే గ్రంథుల మీదుగా పోయి చివరికి మెడ కింద పెద్ద సిరల్లో కలుస్తాయి. గుండె లాంటి పంపు దానికి లేదు, నాళాలు వాటంతట అవి ముడుచుకోవడం, మనం కదలడం, ఊపిరి పీల్చడం, వీటితోనే నడుస్తుంది. నాకు చంకలో జంక్షన్ తీసేశారు, మిగిలింది రేడియేషన్‌కి బిగుసుకుంది. బోదకాలులో అయితే దోమ తెచ్చిన పురుగు అదే నాళాల్లో చేరి పాడుచేస్తుంది, అంటే స్టాఫ్ రూము మేడమ్ మరీ తప్పు చెప్పలేదు, కారణం వేరు కానీ మూసుకుపోయిన కాలువ ఒకటే.

ఆ హాస్పిటల్ డాక్టర్ గారే విజయవాడలో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు, ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గి రెండు వారాలైనా అయ్యాకే మొదలుపెట్టాలి అని చెప్పి మరీ. నాకు స్కూలు సెలవులు దొరికేసరికి ఏప్రిల్ ఆఖరు. ఆ అమ్మాయికి మా పెద్దమ్మాయి వయసుంటుంది. మొదటి రోజు అసలు ముట్టుకోనే లేదు, గంటసేపు ప్రశ్నలే. గుండె జబ్బు ఉందా, కిడ్నీ ఉందా, కాళ్ళలో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా, ఇప్పుడు జ్వరం ఉందా, క్యాన్సర్ చెకప్ చివరిసారి ఎప్పుడు, కాగితాలు చూపించండి. ఇవన్నీ ఎందుకమ్మా మాలిష్‌కి అంటే, నీళ్ళని ఒకచోట నుంచి తీసి గుండె వైపు పంపుతున్నాం టీచర్ గారూ, అక్కడ తట్టుకోగలదో లేదో చూడొద్దా అంది. ఈ ప్రశ్నలు అడగని చోట మంచం ఎక్కకండి, ఈ మొత్తం రాతలో ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే అదే పెట్టుకోండి.

తర్వాత టేపు తీసి రెండు చేతులూ కొలిచింది. మణికట్టు దగ్గర నుంచి ప్రతి 4 సెంటీమీటర్లకి పెన్నుతో చుక్క పెట్టి, చుట్టుకొలత రాసుకుంటూ పైకి వెళ్ళింది. ఎడమ చేతికీ కుడి చేతికీ మణికట్టు దగ్గర తేడా ఒకటిన్నర, మోచేతి పైన అయిదు సెంటీమీటర్లు. కాగితం మీద చూసేదాకా అంత ఉందని నాకు తెలీదు, పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకుని దాచేశాను కదా.

రెండో రోజు అసలు పని. పడుకోబెట్టి, నూనె లేదు, పౌడర్ లేదు, ఉత్త చేతులు. నా వాచిన చెయ్యి వైపు చూడను కూడా చూడకుండా మెడ దగ్గర, కాలర్ ఎముక పైన గుంట ఉంటుంది చూడండి, అక్కడ వేళ్ళు ఆనించింది. ఆనించింది అంటే ఆనించడమే. చర్మాన్ని కొంచెం అంటే కొంచెం ఒక పక్కకి సాగదీసి వదిలేస్తుంది, మళ్ళీ సాగదీసి వదిలేస్తుంది, ఆరేడు సార్లు, పసిపిల్ల తలమీద మాడు నిమిరినట్టు. తర్వాత పొట్ట మీద చెయ్యి పెట్టి గట్టిగా ఊపిరి పీల్చమంది. తర్వాత ఎడమ చంక. ఎడమది! తర్వాత కుడి గజ్జ. ఇరవై నిమిషాలయినా వాచిన చేతి మీద చెయ్యి వెయ్యలేదు, నేను పైకి ఫ్యాన్ చూస్తూ ఎనిమిది వందలు, రానుపోను టిక్కెట్టు వేరే అని లెక్కేసుకుంటున్నా. ఆపుకోలేక అడిగేశాను, ఏమ్మా, జబ్బు కుడి చేతికి కదా అని.

మీది డెల్టా కదా టీచర్ గారూ అంది. పొలం ములిగితే ముందు ఏం చేస్తారు? ఎగువన నీళ్ళు తోడతారా, దిగువన మురుగు కాలువలో తూడు తీస్తారా? దిగువ తూము తియ్యకుండా ఎగువ నుంచి ఎంత తోసినా పక్క చేల మీదికే పోద్ది. మెడా, ఎడమ చంకా, గజ్జా మీకు మిగిలిన తూములు, ముందు వాటిని ఖాళీ చేస్తే చేతిలో నీటికి పోయే దారి ఉంటుంది.

మా నాన్న కృష్ణా కాలువ కింద ఎనిమిదెకరాల కౌలు రైతు, ఆ మాటతో నాకు ఇంక ప్రశ్నలు లేవు. అంత మెల్లగా ఎందుకో కూడా తర్వాత చెప్పింది. ఈ నాళాల మొదళ్ళు చర్మం కిందే చాలా పైపైన ఉంటాయట, వాటి గోడల్ని చుట్టూ ఉన్న కండకి సన్నటి దారాలు పట్టి ఉంచుతాయి, చర్మం కొద్దిగా సాగితే ఆ దారాలు లాగి గోడల్లో తలుపులు తెరుచుకుంటాయి, నీరు లోపలికి పోతుంది. గట్టిగా నొక్కితే నాళమే అణిగిపోతుంది, పైగా ఆ రాపిడికి రక్తం ఎక్కువొచ్చి ఇంకా నీరు ఊరుతుంది. అంటే నేను డబ్బులిచ్చి నొప్పి భరించి చేయించుకున్నది సరిగ్గా ఉల్టా పని.

ఈ పద్ధతిని మాన్యువల్ లింఫ్ డ్రైనేజ్ అంటారు. కనిపెట్టింది డెన్మార్క్ నుంచి వచ్చిన భార్యాభర్తలు, ఎమిల్ వోడర్, ఎస్ట్రిడ్. 1930ల్లో ఫ్రాన్స్‌లో కాన్ అనే సముద్రపు ఊళ్ళో పనిచేసేటప్పుడు, జలుబు వదలని వాళ్ళకి మెడలో గ్రంథులు ఉబ్బి ఉండటం చూసి, అప్పట్లో లింఫ్ గ్రంథుల జోలికి ఎవరూ పోకపోయినా వీళ్ళు మెల్లగా చేత్తో పనిచేసి చూశారట, 1936లో పారిస్‌లో అందరికీ చూపించారు. తర్వాత జర్మనీలో ఫోల్డీ అనే డాక్టరు దీనికి కట్టు, వ్యాయామం, చర్మం జాగ్రత్త కలిపి వాపు వైద్యంగా నిలబెట్టాడు. ఆ కట్టు గురించి చెప్పకపోతే నేను అబద్ధం చెప్పినట్టే.

ఎందుకంటే చేతి పని అయ్యాక అసలు సినిమా మొదలవుతుంది. ముందు మెత్తటి గొట్టం గుడ్డ, దాని మీద ఒక్కో వేలికీ విడివిడిగా సన్నటి గాజుగుడ్డ, దాని మీద దూది చుట్ట, మోచేతి లోపల స్పాంజి ముక్క, ఆపైన వెడల్పు పెరుగుతూ మూడు బ్యాండేజీలు, అరచేతి దగ్గర బిగువు ఎక్కువ, భుజం వైపు పోయేకొద్దీ తక్కువ. మామూలు క్రేప్ బ్యాండేజీ కాదు, సాగీ సాగనట్టుండే రకం, అది గోడలాగా నిలబడుతుంది, లోపల కండ కదిలినప్పుడల్లా ఆ గోడకి కొట్టుకుని నీరు పైకి కదులుతుంది. అందుకే కట్టు వేసుకుని కూర్చోకూడదు, పిడికిలి బిగించి వదలాలి, మోచెయ్యి మడవాలి. ఇది మర్నాడు మళ్ళీ వెళ్ళేదాకా అలాగే ఉండాలి. మే నెల. విజయవాడ. కరెంటు పోతే ఇక నేనూ నా చెయ్యీ. లోపల చెమట పట్టి దురద, గోకలేం, రాత్రి రెండింటికి లేచి ఫ్రిజ్ తలుపు తీసి కట్టు చేతిని లోపల పెట్టుకుని నిలబడ్డ రోజులున్నాయి. అన్నం ఎడమ చేత్తో తినాలంటే ప్రాణం ఒప్పుకోదు, స్పూను పట్టడం రాదు, పప్పన్నం సగం ఒళ్ళోనే.

తెనాలి రైల్లో రోజూ ఎవరో ఒకరు, యాక్సిడెంటా అమ్మా అని అడిగేవాళ్ళు. ఒకరోజు దుగ్గిరాలలో ఎక్కిన ముసలావిడ ఏమీ అడగకుండా నా కట్టు వైపే చూసి చూసి, పక్కనెవరూ లేనప్పుడు చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి లాగి కాలు చూపించింది. బోదకాలు. మోకాలు కింద నుంచి పాదం దాకా ఏనుగు చర్మంలా గట్టిపడి, వేళ్ళ సందుల్లో పుండు. నీకు చేతికి వచ్చిందా తల్లీ అంది. నేను ఏదో చెప్పబోయాను, ఆవిడ వినలేదు, సబ్బుతో కడిగి ఒత్తకుండా తడి అద్దుకో, వేళ్ళ సందులు తడి ఉంచకు, రాత్రి ఎత్తు మీద పెట్టుకుని పడుకో, జొరం రాదు అంది. నలభై ఏళ్ళుగా ఆవిడకి తెలిసింది, మా థెరపిస్టు అమ్మాయి చర్మం జాగ్రత్త అని నాకు రాసిచ్చిన కాగితం, రెండూ ఒకటే. కేరళలో కాసరగోడ్ దగ్గర ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీ అని ఉంది, అక్కడ బోదకాలు వాళ్ళకి కడగడం, ఆయుర్వేదం, యోగా, కట్టు అన్నీ కలిపి చేస్తారని ఆ అమ్మాయి చెప్పింది, ఆ పేరు కాగితం మీద రాసి ముసలావిడకి ఇద్దామని రెండు రోజులు అదే బోగీలో ఎక్కాను, మళ్ళీ కనపడలేదు.

ఆరో రోజో ఏడో రోజో, ఆపరేషన్ మచ్చ చుట్టూ చెయ్యాలి, పర్వాలేదా అని అడిగింది. సరే అన్నాను. రెండేళ్ళలో అక్కడ డాక్టర్లు తప్ప ఎవరూ ముట్టుకోలేదు, నేను కూడా స్నానంలో మగ్గుతో నీళ్ళు పోసుకోవడమే గానీ చెయ్యి వేసేదాన్ని కాదు, అద్దం వైపు తిరిగేదాన్ని కాదు. మచ్చ పక్కన వేళ్ళు ఆనించి అదే, సాగదీసి వదలడం. నొప్పేం లేదు. ఏడుపు మాత్రం వచ్చింది, మామూలుగా కాదు. ఆ అమ్మాయి ఆపి, నీళ్ళివ్వనా అని అడిగింది, వద్దు కానివ్వు అన్నాను. దాని గురించి ఇంతకన్నా రాయను.

మూడు వారాలు, ఆదివారాలు మినహా, మధ్యలో రెండు రోజులు మానేశాను, మొత్తం 16 సార్లు. మోచేతి పైన 5 ఉన్న తేడా 2.3కి వచ్చింది, మణికట్టు దగ్గర దాదాపు పోయింది. ఫీజులు, కట్టు సామాను, చివర్లో కొలతకి కుట్టించిన తొడుగు అన్నీ కలిపి 22 వేలు దాటింది నాకు. ఇందులో ఎంత చేతి మహిమ, ఎంత కట్టు మహిమ అని ఆ అమ్మాయినే సూటిగా అడిగాను. ఎక్కువ భాగం కట్టుదే టీచర్ గారూ అంది, నాకు ఆ జవాబు చాలా నచ్చింది. కొక్రేన్ అని వైద్య పరిశోధనల్ని జల్లెడపట్టే సంస్థ ఉంది, 2015లో వాళ్ళు దీని మీద పరిశోధనలన్నీ ఏరి చూసినప్పుడు కూడా దాదాపు అదే తేలింది, కట్టుతోనే బాగా తగ్గుతుంది, దానికి ఈ చేతి పని తోడైతే ఇంకొంచెం లాభం ఉండొచ్చు, అదీ వాపు మరీ ముదరకముందు అయితే, హాని మాత్రం లేదు అని. మరి చేతి పని ఎందుకు చేయించుకున్నావ్ అంటే, ఆ ముప్పావుగంట పడుకుని లేచాక చెయ్యి తేలికవడం నాకు తెలిసేది, కట్టు భరించే ఓపిక అక్కడే వచ్చేది. అది కొలత టేపుకి దొరకదు.

ఇలాంటి మెత్తటి చేతి వైద్యాలు చాలా ఉన్నాయి. మా అన్నయ్య కూతురు మెల్‌బోర్న్‌లో ఉంటుంది, మెడనొప్పికి బోవెన్ థెరపీ చేయించుకుంది. అది అక్కడికి దగ్గర్లోని జీలాంగ్‌లో టామ్ బోవెన్ అనే ఆయన మొదలుపెట్టింది, బొటనవేళ్ళతో కండరం మీద ఒక కదలిక ఇచ్చి, కాసేపు వదిలేసి గదిలోంచి బయటికి వెళ్ళిపోతారట. హాయిగా నిద్రపట్టింది అత్తా, నువ్వు కూడా ట్రై చెయ్యి అంది. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2019 ఏప్రిల్ నుంచి బోవెన్‌తో సహా ఇలాంటి 16 రకాలకి ప్రైవేటు ఇన్సూరెన్స్ వాళ్ళు డబ్బులివ్వడం ఆపించేసింది, పనిచేస్తుందనటానికి గట్టి ఆధారం లేదని. హాయిగా ఉంటే చేయించుకో తల్లీ, కానీ నా చేతికి వద్దు అన్నాను. మన దగ్గర ఇంకో రకం మొదలైంది, లింఫ్ డ్రైనేజ్ పేరుతోనే బరువు తగ్గిస్తాం, ఒంట్లో విషాలు తీసేస్తాం, పది సిట్టింగ్‌ల ప్యాకేజీ అని. నేను ఒక చోటికి ఊరికే ఫోన్ చేసి క్యాన్సర్ ఆపరేషన్ అయింది అని చెప్పాను, పర్లేదు మేడమ్ రండి, డిస్కౌంట్ ఉంది అన్నారు. ఒక్క ప్రశ్న లేదు.

ఇది తగ్గిపోయే జబ్బు కాదు, అది ముందే చెప్పారు. తొడుగు పగలంతా ఉండాలి, ఆరు నెలలకి సాగిపోతుంది, కొత్తది కొనాలి. గత ఏడాది పెళ్ళికని రెండు రోజులు తొడుగు మానేసి పట్టుచీర జాకెట్‌లో తిరిగితే సెంటీమీటరు పెరిగింది, మళ్ళీ నాలుగు రోజులు కట్టు. అరిసెలకి ఇప్పుడు పొయ్యి దగ్గర మా తోడికోడలు కూర్చుంటుంది, నేను పాకం వచ్చిందో లేదో దూరం నుంచి చెబుతాను, అది ఎప్పుడూ ముదురు పాకమే పడుతుంది.

రోజూ రాత్రి పావుగంట నేనే చేసుకుంటాను, మెడ, పొట్ట ఊపిరి, ఎడమ చంక, గజ్జ, అప్పుడు చెయ్యి. వీపు వైపు మాత్రం నాకు అందదు, కుడి చంక వెనక నుంచి వీపు మీదుగా ఎడమ చంకకి తోలాలి. అది మా ఆయన పని. ఆయనకి ట్రాక్టర్ మెకానిక్ షెడ్డు ఉంది, ఆ చేతులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. నేర్పించటానికి తీసుకెళ్తే మొదటి రోజు బోల్టు బిగించినట్టు నొక్కారు. ఆ అమ్మాయి నవ్వి, బాబాయ్ గారూ, మామిడిపండు ముగ్గిందో లేదో చూస్తారు కదా, అంతకన్నా తక్కువ అంది. ఇంటికొచ్చి బుట్టలో బంగినపల్లి కాయల మీద నిజంగానే ప్రాక్టీస్ చేశారు. ఇప్పటికీ మధ్యలో ఆగి అడుగుతుంటారు, అసలు తగులుతోందా, చేస్తున్నట్టేనా అని. తగులుతోంది లెండి అంటాను.

నెల మొదటి తారీఖున టేపు తీసి కొలుస్తారు, నేను గోడ క్యాలెండర్ మీద తిథి పక్కన రాసుకుంటాను. మోచేతి పైన ఈ నెల 31.4, పోయిన నెల కూడా 31.4. ఆయన మాత్రం టేపు సరిగ్గా పట్టలేదేమో అని ఇంకోసారి కొలిచారు.